తప్పు ఎంతో తెలియడమూ లెక్కే

స్టడీ అవర్లో మనలో చాలామంది చేసిన పని ఒకటుంది. లెక్క చేస్తాం, పుస్తకం వెనక జవాబు చూస్తాం. కలవకపోతే మధ్యలో ఒక అంకె దిద్ది జవాబు కలిపేస్తాం. మేమూ చేశాం. సార్ తిడతారని భయం, పక్కవాడు నవ్వుతాడని సిగ్గు. ఈ దాచే అలవాటే మనకు లెక్కలను దూరం చేసిందని మా అభిప్రాయం. అందుకే తప్పులనే జీవితమంతా పరిశోధించిన ఒక గణితవేత్తను ఈ వార్షికోత్సవ సంచికలో హాస్టల్ తమ్ముళ్లకు పరిచయం చేయాలనుకున్నాం.

ఆయన పేరు జేమ్స్ విల్కిన్సన్. 1919లో ఇంగ్లండులోని స్ట్రూడ్ అనే ఊళ్లో పుట్టారు. ఇంట్లో పాల వ్యాపారం ఉండేది. ఆర్థిక మాంద్యం రోజుల్లో అది దెబ్బతింది. స్కాలర్‌షిప్పులతోనే హైస్కూలు చదువు, తర్వాత కేంబ్రిడ్జి చదువు సాగాయి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి ఆయుధ పరిశోధన విభాగంలో లెక్కలు చేసే పనిలో పడ్డారు. 1970లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఆ సందర్భంగా ఇచ్చిన ఉపన్యాసంలో ఆ తొలి రోజులను గుర్తు చేసుకున్నారు.

యుద్ధకాలంలో ఒకసారి ఆయన ముందుకు 12 రేఖీయ సమీకరణాలు వచ్చాయి. ఉన్నది బల్ల మీద పెట్టుకునే లెక్కల యంత్రం ఒక్కటే. పద్ధతి మనం పదో తరగతిలో చదివే చరరాశిని తొలగించే పద్ధతే. ప్రతి మెట్టులోనూ చివరి అంకెలను సవరించి కుదించాలి. ఆ చిన్న తప్పులు పోగుపడి జవాబు పాడవుతుందని ఆయన అనుకున్నారు. అప్పట్లో పెద్దల అభిప్రాయమూ అదే. ఒక్కో సమీకరణం పెరిగేకొద్దీ తప్పు నాలుగు రెట్లు పెరగవచ్చని 1943లో హోటలింగ్ అంచనా వేశారు. ఆ లెక్కన 12 సమీకరణాలకు తప్పు 40 లక్షల రెట్లు దాటాలి! తీరా విల్కిన్సన్ తన జవాబులను మొదటి సమీకరణాల్లో పెట్టి చూస్తే ఆశ్చర్యపోయేంత చక్కగా సరిపోయాయి.

1946లో ఆయన నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో అలన్ ట్యూరింగ్ దగ్గర చేరారు. అక్కడ 18 సమీకరణాలు వచ్చాయి. ట్యూరింగ్‌తో సహా నలుగురు కూర్చుని సుమారు రెండు వారాలు చేశారు. ఇది పాడవుతుందనే ట్యూరింగ్ నమ్మకం. మళ్లీ సరిపోయింది. కంప్యూటర్ శాస్త్రానికి పితామహుడనదగిన ట్యూరింగ్‌కే అంచనా తప్పింది. అయినా ఆయన సిగ్గుపడి ఊరుకోలేదు. ఎందుకిలా జరిగిందో ఆలోచించి 1948లో ఆ విషయం మీదే వ్యాసం ప్రచురించారు.

విల్కిన్సన్ దీనికి చెప్పిన వివరణ చాలా సులువు. 1ని 3తో భాగించి 0.333 అని రాశామనుకోండి. అది తప్పే. కానీ 0.999ని 3తో భాగిస్తే వచ్చే కచ్చితమైన జవాబు అదే. అంటే మనం పక్కనే ఉన్న మరో లెక్కను సరిగ్గా చేశాం. ఆ రెండు లెక్కలకు మధ్య దూరం ఎంత అని అడగాలి. అది స్వల్పమైతే లెక్క చేసినవాడి పని బాగున్నట్టే.

అయితే కొన్ని లెక్కల స్వభావమే వేరు. 1 నుంచి 20 వరకు అంకెలే మూలాలుగా ఉన్న ఒక బహుపదిని ఆయన పరీక్షించారు. అందులో ఒక గుణకం -210. దాన్ని ఏడో దశాంశ స్థానంలో కాస్త కదిపితే చాలు, 20 మూలాల్లో 10 సంకీర్ణ సంఖ్యలైపోయాయి! తన వృత్తి జీవితంలో అంతగా కలవరపెట్టిన అనుభవం మరొకటి లేదని 1984లో రాసుకున్నారు. ఇక్కడ లోపం చేసినవాడిది కాదు, లెక్కదే.

మిత్రులారా, మనకు కావలసింది ఈ తేడా గుర్తించడమే. పరీక్ష తప్పిన పిల్లవాణ్ణి "వాడికి బుర్ర లేదు" అనేస్తాం. నెల రోజుల జ్వరమో, ఇంటి దగ్గర కూలి పనికి ఆగిపోయిన వారమో కొందరి చదువునే తలకిందులు చేస్తుంది. అది ఆ పిల్లవాడి తప్పా, వాడికి ఎదురైన లెక్క స్వభావమా అని ఎవరూ అడగరు.

ఈ రోజు ఫోను క్షణంలో జవాబు చెబుతుంది. కానీ ఆ జవాబును తిరిగి సమీకరణంలో పెట్టి చూసే ఓపిక మనకే ఉండాలి. పూర్వ విద్యార్థులకు మా మనవి ఒకటే. హాస్టల్‌కు ఫ్యాన్లు, పుస్తకాలు ఇస్తున్నారు, సంతోషం. వాటితోపాటు నెలకు ఒక సాయంత్రం వచ్చి తమ్ముళ్ల నోటుపుస్తకాలు తెరిచి కూర్చోండి. జవాబులు చెప్పవద్దు. ఎక్కడ దారి తప్పిందో వాళ్లతోనే వెతికించండి. తమ్ముళ్లూ, మీరు ఇకనుంచి తప్పు మెట్టును చెరిపేయకండి. దాని పక్కన గీత గీసి, కారణం రాసుకోండి.