పాముల గద్దకు ప్లాన్ బీ లేదు

గద్ద అనగానే మనకు కోడిపిల్లను తన్నుకుపోయే దొంగే గుర్తొస్తుంది. "గద్దొచ్చింది, పిల్లల మీద గంప బోర్లించండ్రా" అని ఊళ్లో అమ్మమ్మలు కేకలేసేది దాన్ని చూసే. కానీ ఆకాశంలో తిరిగే ప్రతి గద్దా ఆ టైపు కాదు. ఒకదానికి కోడిపిల్లల మీద పెద్దగా ఇంట్రెస్ట్ ఉండదు. దానికి కావాల్సింది పాము. పేరు కూడా అదే, పాముల గద్ద.

చెట్లు పల్చగా, నేల కనపడేలా ఉన్న మెట్ట ప్రాంతాలంటే దీనికి ఇష్టం. మన పల్నాడులో మాచర్ల, దుర్గి, రెంటచింతల వైపు నాపరాళ్లు తేలిన బీళ్లు, తుమ్మచెట్లు ఉంటాయి చూడండి, సరిగ్గా అలాంటి చోటు. అటు నల్లమల అడవిలో దీని చుట్టం ఒకటుంది, నల్ల పాముల గద్ద. అది చెట్టు మీద ఓపిగ్గా కూర్చుని కాపు కాస్తుంది. మనది మాత్రం గాల్లోనే డ్యూటీ చేస్తుంది.

రెక్కలు చాపితే ఆ చివర నుంచి ఈ చివరకి 5 అడుగుల పైమాటే. కింద నుంచి చూస్తే పొట్ట తెల్లగా కనిపిస్తుంది. తల గుడ్లగూబలా గుండ్రం, కళ్లు పసుపు. ఎదురుగాలికి నిలబడి, రెక్కలు ఆడిస్తూ ఒకే చోట ఆగిపోతుంది. ఒళ్లంతా ఊగుతున్నా తల మాత్రం కదలదు. డ్రోన్ కెమెరాకి గింబల్ చేసే పని దీనికి మెడ చేసిపెడుతుంది. కింద పాము కదిలితే మెట్లు దిగినట్టు కొంచెం కొంచెంగా కిందికి దిగి, చివర్లో కాళ్లు చాపి ఒక్కసారిగా మీద పడుతుంది.

దీనికి విషం ఎక్కదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. కాటు సరిగ్గా దిగితే ఇదీ చస్తుంది. దీన్ని కాపాడేవి మూడే: కాళ్ల మీద మందపాటి పొలుసులు, దట్టమైన ఈకలు, స్పీడు. పొట్టి వేళ్లతో పామును బిగించి, ముందు తల నలిపేస్తుంది. తర్వాత తల వైపు నుంచి మింగేస్తుంది. గూటికి తెచ్చేటప్పుడు తోక నోట్లోంచి బయటికి వేలాడుతుంటే, పిల్ల ఆ తోక పట్టుకుని లాగి తింటుంది. అదే దాని స్విగ్గీ.

ఇంత హీరోయిజం ఉన్న పక్షికి ఒక పెద్ద వీక్‌నెస్ ఉంది. ఏడాదికి పెట్టేది ఒక్కటే గుడ్డు. దాదాపు నెలన్నర పొదగాలి. పిల్ల ఎగరడానికి ఇంకో రెండు నెలలకు పైనే పడుతుంది. మా భాషలో చెప్పాలంటే బ్యాకప్ లేని సర్వర్. గూడున్న ఆ ఒక్క చెట్టు కొట్టేస్తే ఆ జంటకి ఆ ఏడాది సంతానం పోయినట్టే. మన దేశంలో ఇది గూడు కట్టేది ఎక్కువగా డిసెంబర్ నుంచి మే లోపు. అంటే మన దగ్గర మిర్చి కోతలు, కల్లాల సీజన్‌లోనే.

చెట్టుతో పాటు చుట్టూ ఉన్న బీడు కూడా ఉండాలి. 1967లో సాగర్ కుడి కాలువకి నీళ్లొచ్చాక నరసరావుపేట వైపు పొలాలు పచ్చబడ్డాయి. అది మన అన్నం, దాన్ని కాదనలేం. కానీ కాలువ ఎక్కని మెట్టలో మిగిలిన పొదల నేలని ప్రభుత్వ లెక్కల్లో కూడా 'బంజరు' కిందే రాస్తారు. తొండలు, జెర్రిపోతులు, వాటిని తినే గద్ద అక్కడే బతుకుతున్నాయి. క్వారీకో, ప్లాట్లకో చదును చేసేటప్పుడు ఖాళీ స్థలమే కదా అనుకుంటాం. అది ఖాళీ కాదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ పక్షిని చంపడం, గుడ్లు తీయడం నేరం. చట్టం సంగతి అలా ఉంచితే, మన చేతిలో ఫోన్ ఉంది కదా. గాల్లో ఆగిన గద్ద కనిపిస్తే దూరం నుంచే ఫొటో తీసి, తేదీతో ఈబర్డ్‌లో పెట్టండి. ఆ బీట్లో ఎవరు బతుకుతున్నారో రికార్డు ఉంటేనే రేపు దాని గురించి ఎవరైనా మాట్లాడగలరు. గూడు కనిపిస్తే మాత్రం రీల్ కోసం చెట్టెక్కొద్దు, లొకేషన్ షేర్ చేయొద్దు. మనుషుల అలికిడికి తల్లి లేచిపోతే, ఎండలో ఆ ఒక్క గుడ్డు ఉడికిపోతుంది.