నలభై రెండేళ్ల ‘కొత్త’ ఆటగాడు

క్రికెట్‌కు బౌలర్ ఎలాగో అమెరికా బేస్‌బాల్‌కు పిచర్ అలాగ. ఆ పిచర్లలో మొనగాడు శాచెల్ పేజ్. 1906లో అలబామాలోని మొబీల్‌లో పుట్టాడు. చిల్లర దొంగతనానికి పన్నెండేళ్లప్పుడు బాల నేరస్తుల బడికి పంపితే, అక్కడే బంతి విసరడంలో రాటుదేలాడు.

1926 నుంచి నల్లజాతి లీగుల్లో ఆడాడు. పెద్ద లీగులు మాత్రం గడప తొక్కనివ్వలేదు. కారణం ఒంటి రంగు, అంతే! 1948లో క్లీవ్‌లాండ్ జట్టు తీసుకునేసరికి 42 ఏళ్లు. మిగతావాళ్లు ఆట మానేసి ఇంట్లో కూర్చునే వయసు. ఆ సీజన్‌లో అతని ఖాతాలో ఆరు గెలుపులు, ఒక్కటే ఓటమి. జట్టు వరల్డ్ సిరీస్ కూడా కొట్టింది. 1965లో 59 ఏళ్ల వయసులో కాన్సాస్ సిటీ తరఫున మళ్లీ దిగి, మూడు ఇన్నింగ్స్‌లలో ఒక్క పరుగూ ఇవ్వలేదు. మరి పాతికేళ్లప్పుడు ఎలా విసిరేవాడో!

1971లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిస్తూ కూడా నల్లవారికి వేరే విభాగమన్నారు. విమర్శలు రేగాక గానీ వెనక్కి తగ్గలేదు. పేజ్ 1982లో కన్నుమూశాడు. నల్లజాతి లీగుల లెక్కలను పెద్ద లీగుల రికార్డుల్లో కలిపింది 2024లో. దీన్ని ఔదార్యమని మెచ్చుకునేవాళ్లున్నారు. బాకీ తీర్చడం ఔదార్యమెలా అవుతుంది? అదైనా పూర్తిగా తీరలేదు. దొరికిన స్కోర్ల లెక్కే చేరింది. అప్పట్లో ఎవరూ రాసిపెట్టని మ్యాచ్‌లు ఇప్పటికీ బయటే ఉన్నాయి.