లెక్కల్లో ఉన్న పిల్లలు బడిలో ఎందుకు లేరు?

2011 జనాభా లెక్కల్లో మొదటిసారి ఆడ, మగ కాకుండా ‘ఇతరులు’ అనే గడి విడిగా కనిపించింది. దేశం మొత్తం మీద ఆ గడిలో 4,87,803 మంది నమోదయ్యారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 43,769. ఈ లెక్కలో అసలు చూడాల్సిన అంకె ఇంకొకటి ఉంది. ఆ మొత్తంలో 54,854 మంది సున్నా నుంచి ఆరేళ్ళ వయసు పిల్లలు.

ఆరేళ్ళ పిల్లలు ఎన్యుమరేటర్‌కి తమ వివరాలు చెప్పరు కదా. చెప్పింది ఇంట్లో పెద్దవాళ్ళే. కొన్ని రాతలో తప్పులు కావచ్చు. పుట్టుకతోనే శరీర నిర్మాణంలో తేడా ఉన్న పిల్లలూ ఉండొచ్చు. అయినా గుమ్మంలోకి వచ్చిన సర్కారు మనిషికి వేల ఇళ్ళు ఈ మాట చెప్పాయి. ఆ పిల్లలు ఇప్పుడు టెన్త్, ఇంటర్, డిగ్రీ చదవాల్సిన వయసులో ఉన్నారు. మరి క్లాసులో ఎంతమంది కనిపిస్తున్నారు?

అంకెలు ఏం చెబుతున్నాయి

అదే జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యత 73 శాతం. ‘ఇతరులు’ గడిలో ఉన్నవారిలో అది 56 శాతమే. అంటే 17 పాయింట్ల లోటు. జాతీయ మానవ హక్కుల కమిషన్ కోసం ఢిల్లీ, ఉత్తరప్రదేశ్‌లలో 900 మంది ట్రాన్స్‌జెండర్లతో చేసిన అధ్యయనం 2018లో వార్తల్లోకి వచ్చింది. వారిలో సగం మందికి పైగా అసలు బడి ముఖమే చూడలేదు. తల్లిదండ్రులతో కలిసి ఉంటున్నవాళ్ళు 2 శాతం మాత్రమే.

బడిలో చేరినవాళ్ళ సంగతి వేరే. తమిళనాడులో యునెస్కో చేయించిన అధ్యయనంలో హైస్కూల్ వయసులో దెబ్బలు తిన్నామని చెప్పినవాళ్ళు దాదాపు 60 శాతం. వేధింపులు భరించలేక మూడో వంతు మంది చదువు మానేశారు. ఫిర్యాదు చేసింది మాత్రం కొద్దిమందే. టీచరుకి చెబితే, “నువ్వు సరిగ్గా ఉండు, వాళ్ళే ఊరుకుంటారు” అనే జవాబు వస్తుందని పిల్లలకు ముందే తెలుసు.

ఇది ఒక్కరోజులో జరిగేది కాదు. మొదట ‘ఆడంగి’ అనో ‘తేడా’ అనో పేరు పెడతారు. తర్వాత బెంచీ మీద పక్కన కూర్చునేవాడు లేచి వెళ్ళిపోతాడు. పీటీ పీరియడ్ అంటే భయం మొదలవుతుంది. బాత్రూంకి వెళ్తే ఏమవుతుందోనని పొద్దున్నుంచి నీళ్ళు తాగడం మానేస్తారు. తర్వాత అటెండెన్స్ తగ్గుతుంది. రిజిస్టర్‌లో మాత్రం ‘డ్రాపౌట్’ అనే ఒక్క మాటే ఉంటుంది. ఎందుకు మానేశాడో ఎవరూ రాయరు.

చట్టం ఉంది, తాళంచెవి ఎవరి దగ్గర?

2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తించింది. 2019లో వచ్చిన చట్టం ప్రభుత్వ, గుర్తింపు పొందిన విద్యాసంస్థలు వివక్ష లేకుండా అందరితో సమానంగా చదువు చెప్పాలని అంది. కోర్టు ఆదేశం లేకుండా ఈ కారణంతో పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేయకూడదని కూడా రాసింది.

చిక్కు ఇక్కడే ఉంది. గుర్తింపు సర్టిఫికెట్ కోసం మైనర్ తరఫున తల్లిదండ్రులో, గార్డియనో దరఖాస్తు చేయాలని అదే చట్టం చెప్పింది. ఇంట్లో ఒప్పుకున్న పిల్లలకు ఇది ఇబ్బంది కాదు. ఇంట్లోనే దెబ్బలు తినేవాళ్ళకు ఈ చట్టం పద్దెనిమిదేళ్ళు నిండాకే పనికొస్తుంది. అప్పటికి చదువు పోయి ఉంటుంది. గే, లెస్బియన్ పిల్లల పరిస్థితి ఇంకా అన్యాయం. 2018 సెప్టెంబర్ 6న సెక్షన్ 377 తీర్పుతో వయోజనుల మీద నేరం ముద్ర పోయింది, కానీ 2019 చట్టం వీళ్ళ గురించి మాట్లాడలేదు.

టీచర్లకు దారి చూపేందుకు 2021లో ఎన్‌సీఈఆర్‌టీ ఒక శిక్షణ పుస్తకం తయారు చేసింది. బాలల హక్కుల కమిషన్ అభ్యంతరం చెప్పగానే అది వెబ్‌సైట్ నుంచి మాయమైంది. అదే ఏడాది మద్రాస్ హైకోర్టు బడుల్లో అందరూ వాడుకోగల టాయిలెట్లు, తల్లిదండ్రులకు అవగాహన, సర్టిఫికెట్లలో పేరు మార్పు లాంటి సూచనలు ఇచ్చింది. కానీ క్లాసులో నిలబడేది టీచరు. ఆ టీచరుకి చెప్పేవాళ్ళే లేరు.

టీచర్ల విషయమే చూస్తే, జేన్ కౌశిక్ అనే ట్రాన్స్‌జెండర్ ఉపాధ్యాయురాలు ఉత్తరప్రదేశ్, గుజరాత్‌లలోని స్కూళ్ళలో ఉద్యోగం దక్కక సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2025 అక్టోబర్‌లో కోర్టు ఆమెకు పరిహారం ఇప్పించి, ప్రభుత్వాల నిర్లక్ష్యాన్ని తప్పుబట్టి, ఒక కమిటీ వేసింది. అలాంటి టీచరునే గేటు బయట ఆపితే, వెనక బెంచీలో మౌనంగా కూర్చున్న పిల్లాడికి ఏం అర్థమవుతుంది?

మన హైదరాబాద్ కథ

హైదరాబాద్ రాజ్యంలో 1329 ఫస్లీలో, అంటే 1919లో, ఒక చట్టం వచ్చింది. నపుంసకుల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించాలి. ఆడవాళ్ళ బట్టల్లో వీధిలో కనిపిస్తే వారెంట్ లేకుండా పట్టుకోవచ్చు. పదహారేళ్ళ లోపు అబ్బాయి వాళ్ళ ఇంట్లో ఉంటే శిక్ష. ఇంట్లోంచి గెంటేసిన పిల్లాడికి ఒక హిజ్రా గురువు అన్నం పెట్టినా నేరమే అన్నమాట. నిజాం పాలన పోయినా ఈ చట్టం పుస్తకాల్లో మిగిలింది. 2023 జూలైలో గానీ తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేయలేదు. వందేళ్ళు పట్టింది.

చట్టం పోయినంత తొందరగా మొహల్లాలో చూపు మారదు. పెళ్ళికీ, పిల్లాడు పుట్టినప్పుడూ హిజ్రాల దువా కోరుకుంటాం. మన ఇంట్లో పిల్లాడే అలా ఉన్నాడని తెలిస్తే ఇజ్జత్ పోయిందంటాం. ఈ విషయంలో మతపరమైన అభిప్రాయాలు ఎవరివి వారికి ఉంటాయి. వాటి మీద ఆలిములు మాట్లాడతారు. కానీ పిల్లాడిని కొట్టడం, అన్నం పెట్టకపోవడం, బడి మాన్పించడం అభిప్రాయం కాదు, జుల్మ్. ఇంటి తలుపు మూసుకున్న పిల్లలు ఎక్కడికి వెళ్తారో సిగ్నళ్ళ దగ్గర చూస్తూనే ఉన్నాం.

తలుపు మూయకపోతే ఏమవుతుందో కూడా చూశాం. 2022లో ఉస్మానియా ఆస్పత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు, ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్, ఉద్యోగంలో చేరారు. ప్రైవేటు ఆస్పత్రులు వాళ్ళను కాదన్నాయి. అయినా చేతిలో ఎంబీబీఎస్ ఉంది కాబట్టి నిలబడగలిగారు. టెన్త్‌లోనే బడి మానేసి ఉంటే ఆ అవకాశం వచ్చేదే కాదు.

ఖర్చు లేని పనులు

వీటికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ప్రతి బడిలో తాళం వేసుకోగలిగే ఒక్క టాయిలెట్. పేరు పెట్టి ఏడిపించడాన్ని కూడా ర్యాగింగ్‌గానే చూసే హెడ్‌మాస్టర్. డ్రాపౌట్ రాసే ముందు ఇంటికి వెళ్ళి కారణం అడిగే టీచరు. ఇంట్లో, బడిలో చెప్పుకోలేని పిల్లలకు 1098 చైల్డ్‌లైన్, 14416 టెలీమానస్ నంబర్లు నోటీసు బోర్డు మీద. ఇంట్లో అయితే ఇంకా చిన్న పని. పిల్లాడు చెబుతుంటే చేయి ఎత్తకుండా చివరిదాకా వినడం.

2027లో మళ్ళీ జనాభా లెక్కలు. ఎన్యుమరేటర్లు మళ్ళీ గుమ్మంలోకి వస్తారు. 2011లో ఆరేళ్ళ బిడ్డ గురించి నిజం చెప్పిన అమ్మ ఈసారి, “వాడు చదువుకుంటున్నాడు” అని కూడా చెప్పగలగాలి. లేదంటే ఆ గడిలో మనం నింపింది అంకెను మాత్రమే.