ఆరోగ్య విషయములు: లోపలి మచ్చలు

కత్తిపీటపై కూరలు తరుగుచుండగా వ్రేలు తెగినచో, కొన్నినాళ్లకు గాయము మాని చిన్నమచ్చ మాత్రము మిగులును. తెగినచోటికి కొన్ని కణములు చేరి, గట్టి నారలనల్లి, చీలికను పూడ్చును. పని ముగియగానే ఆ కణములు విరమించును. ఎక్కువైన నారలు క్రమముగా కరగిపోవును.

గాయము మానకమునుపే మరల మరల తగులుచుండినచో ఆ కణములకు విరామముండదు. నారలపై నారలు చేరి, మెత్తని యవయవము గట్టిపడి, తన పని తాను చేయజాలకుండును. దీనినే వైద్యులు ఫైబ్రోసిస్ అందురు. ఏ యవయవమందైనను జరుగు తీరు ఇంచుమించుగా నిదియే. గాయపరచునది మాత్రము వేరు.

కాలేయమును సారాయి గాయపరచును. ఏండ్లతరబడి త్రాగినవారి కాలేయము బిరుసెక్కి, అందు రక్తప్రసార మడ్డగింపబడి, పొట్టలో నీరు చేరును. కొందరు రక్తము కక్కుకొందురు. ఉదయగిరి ప్రాంతమున కలిగిరి మండలములోని దూబగుంట స్త్రీలు, రాత్రిబడిలో అక్షరములు నేర్చుకొనుచునే, తమ యూరి సారాయంగడిని మూయించిరి. దూబగుంట రోశమ్మగా పేరొందిన వర్ధినేని రోశమ్మగారు వారికి ముందు నిలిచిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపింపగా, 1993 అక్టోబరు 1వ తేదీనుండి ప్రభుత్వము సారాయిని నిషేధించెను. వారు కాపాడగోరినది కూలిడబ్బును, ఇంటి శాంతిని. అయినను త్రాగుడు మానినవారి కాలేయమునకు ఆ విరామమే ఔషధము.

ఊపిరితిత్తులకు రాతిధూళి శత్రువు. ఆత్మకూరు ప్రాంతము నెల్లూరు అభ్రకపు మేఖలలోనిది. అభ్రకముతోగూడియున్న పలుగురాతిని తొలుచునప్పుడు లేచు సన్నని దుమ్ము ఊపిరితో లోనికిబోవును. దానిని మ్రింగిన రక్షకకణములు జీర్ణించుకొనలేక నశించును. ఆ చోట మచ్చ కట్టును. ఇదియే సిలికోసిస్. పని మానిన పిదపగూడ నిది పెరుగవచ్చును. కావున నీరు పోయుచు తొలుచుట, దుమ్ము లేవనీయకుండుట మొదటి రక్షణము.

మూత్రపిండములకు అదుపుతప్పిన మధుమేహము, రక్తపుపోటు ముఖ్యకారణములు. అచ్చట నశించిన వడపోత భాగములు మరల పుట్టవు.

ఈ మచ్చలు మొదట నొప్పి కలిగింపవు. నొప్పిలేదు గనుక రోగము లేదని యూరకుండరాదు. కారణమును త్వరగా తొలగించినచో కాలేయపు మచ్చ కొంత కరగుటయు గలదు. ఆలసించినకొలది ఆ యవకాశము తగ్గును. ఇంట మధుమేహముగాని రక్తపుపోటుగాని గలవారికి ఏటేట రక్తమును, మూత్రమును పరీక్ష చేయింపుడు. చిరకాలము మితిమీరి త్రాగినవారు ఒక్కమారుగా మానునప్పుడు వణకు, మూర్ఛ రావచ్చును. వైద్యుని సాయముతోనే మాన్పింపుడు. గనిలోనో రాతిపనిలోనో యున్నవారికి విడువని దగ్గు, ఆయాసము కనబడినచో, చేయుచున్న పని యెట్టిదో వైద్యునకు తప్పక తెలుపుడు.