విమానోద్యోగము – విదేశపు కాపురము

రాజమహేంద్రవరమునుండి యొక సోదరి వ్రాసిన జాబు ఈ నెల మా బల్లపై నున్నది. ఆమె భర్తకు దుబాయిలో నొక విమాన సంస్థయందు ఇంజనీరు ఉద్యోగము దొరకినది. బిడ్డ లిద్దఱు, పెద్దది మూడవ తరగతి, చిన్నవానికి రెండేండ్లు. "వారి వెంటనే బయలుదేఱుదునా, లేక ఆఱు మాసములు పుట్టింట నుండి పిమ్మట పోదునా? మా అత్తగారు వెంటనే పొమ్మనుచున్నారు, మా నాన్నగారు ఆగు మనుచున్నారు" అని యామె ప్రశ్న. ఇట్టి జాబులు మాకు ఇదివఱకును వచ్చినవి. విమానముల కొలువనగనే భార్యకు దేశదేశములు తిరుగు భాగ్యము పట్టినదని చుట్టపక్కాలు సంబరపడుదురు. ఆ సంబరములో అడుగవలసిన మాట లడుగువా రుండరు. మేము 2010వ సంవత్సరమున ఆ యూరికి కాపురమునకు పోయి, 2020లో తిరిగి వచ్చిన వారము గనుక మాకు తెలిసినంత చెప్పెదము.

సోదరీ, మీ నాన్నగారి మాట వినుడు. ఆఱు మాసములు కాకున్నను మూడు మాసములైన ఆగుడు. అచ్చటి కార్మిక చట్టము ననుసరించి క్రొత్త ఉద్యోగికి పరీక్షాకాలము ఆఱు మాసముల వఱకు ఉండవచ్చును; ఆ కాలమున యజమాని పదునాలుగు దినముల ముందు వ్రాతమూలకముగ తెలిపి ఉద్యోగము తీసివేయవచ్చును. ఇంటి సామాను అమ్మి, పిల్లదాని బడి మాన్పించి, ఇద్దఱు బిడ్డలతో దిగిన పిమ్మట అట్టి కాగితము చేతికి వచ్చినచో ఏమి గతి? ఇదిగాక, అచ్చటి భారతీయ పాఠశాలలకు మనకువలెనే ఏప్రిలు నెలలో సంవత్సరము మొదలగును. నడుమ పోయినచో మంచి బడిలో చోటు దొరకుట కష్టము. మీ వారు ముందు పోయి, తన నివాసపు వీసా తెచ్చుకొని, ఇల్లు చూచి, బడిలో పేరు వ్రాయించిన పిమ్మట మీరు కదలుట మేలు.

ఆ ఎడారి తీరమునకు మనవారు పోవుట క్రొత్త గాదు. కరీంనగరము, నిజామాబాదు పల్లెలనుండి కూలిపనులకు, కోనసీమనుండియు కడపనుండియు ఇంటిపనులకు పోయిన వారెందఱో కలరు. వారి కష్టములముందు మన కష్టము లొక లెక్కలోనివి గావు. విమాన సంస్థల వలన మధ్యతరగతి కుటుంబములు పోవుట మాత్రము తరువాతి మాట. దుబాయి ప్రభుత్వపు విమానసంస్థ 1985 అక్టోబరులో బాడుగకు తెచ్చిన రెండు విమానములతో మొదలాయెను; కటారు సంస్థ 1994లోను, అబుదాబి, షార్జాల సంస్థలు 2003లోను ఎగురసాగెను. ఇంత వేగముగ పెరిగిన సంస్థలకు సొంత దేశపు జనము చాలదు గదా! నడుపువారు, మరమ్మతు చేయువారు, టిక్కెట్లు చూచువారు, వంట కట్టువారు, అందఱును పరదేశులే.

ఇక కాగితముల సంగతి. అచ్చట భార్యాబిడ్డలు భర్త పూచీపై నుందురు. ఆ పూచీ పడుటకు ఆయనకు నెలకు 4000 దిర్హములైనను, లేక 3000 దిర్హములును వసతియు నైనను ఉండవలెను. మీ వారి జీతమునకు ఈ నియమమున చిక్కు లేదు. చిక్కంతయు పెండ్లిపత్రముతో. గుడిలో వ్రాసి యిచ్చిన రసీదు చాలదు, శుభలేఖ చాలదు; రిజిస్ట్రారు ఇచ్చిన ధ్రువపత్రము కావలెను. దానికి మొదట రాష్ట్ర ప్రభుత్వపు ముద్ర, పిదప మన విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన ఎమిరేట్ల రాయబార కార్యాలయపు ముద్ర, తుదకు అచ్చటికి పోయిన పిమ్మట వారి విదేశాంగ శాఖ ముద్ర. పిల్లల జన్మపత్రములకును ఇదే వరుస. ఒక ముద్ర తప్పినచో ఆ కాగితము తిరిగి ఇంటికి రావలసినదే. మా చిన్నవాని జన్మపత్రములో తల్లి పేరునకు ఒక అక్షరము తక్కువపడి, అది సరిచేయించుటకు మాకు రెండు మాసములు పట్టెను. ఆ రెండు మాసములు మేము పుట్టింటనే యుంటిమి.

మన యింటిపేర్ల గొడవ వేఱొకటి. మనలో చాలమంది స్త్రీల పాస్‌పోర్టులలో ఇంటిపేరు గడి ఖాళీగ నుండును. 2022 నవంబరులో, ఒకే పేరు గల పాస్‌పోర్టుతో సందర్శకులుగ వచ్చువారిని రానీయమని ఎమిరేట్లవారు ప్రకటించిరి. తండ్రిపేరో యింటిపేరో పాస్‌పోర్టు రెండవ పుటలో నున్నచో అంగీకరింతుమని తరువాత సడలించిరి. నివాసపు వీసాలవారికి ఈ నిర్బంధము పెట్టలేదు గాని, రేపు పురిటికో పుణ్యానికో మీ అమ్మగారు చూడరావలసినప్పుడు ఈ చిక్కు ఎదురగును. ఇప్పుడే ఆమె పాస్‌పోర్టు తీసి చూడుడు.

ఇంకొక ముద్ర వేయించుడు. మీ డిగ్రీ పత్రమునకు. "నాకు ఉద్యోగము చేయు తలంపు లేదు" అని మీరు జాబులో వ్రాసితిరి. తలంపు లేకున్నను వేయించుడు. భర్త పూచీపై నున్న స్త్రీయు, యజమాని అనుమతిపత్రము తెచ్చి యిచ్చినచో, అచ్చట ఉద్యోగము చేయవచ్చును. మే మా పని చేయక పోయితిమి. అందులకు చింతించిన దినము ముందు చెప్పెదము.

ఇంటి విషయము. కొన్ని సంస్థలు ఇల్లే యిచ్చును, కొన్ని యింటి అద్దె యిచ్చును. ఇల్లిచ్చినచో శ్రమ తక్కువ. కాని కొలువు పోయిన నాడు ఇల్లును పోవును. అద్దె యిచ్చినచో ఇల్లు మీరు వెదుకుకొనవలెను. అచ్చట అద్దె సంవత్సరమునకు లెక్క. దానిని నాలుగు చెక్కులుగనో రెండు చెక్కులుగనో, ముందు తేదీలు వేసి, మొదటి దినముననే వ్రాసి యీయవలెను. సామాను లేని యింటికి అద్దెలో నూటికి ఐదు వంతులు బయానా, దళారికి నూటికి ఐదు, నీరు విద్యుత్తులకు రెండువేల దిర్హములు బయానా. ఇదిగాక యేటి అద్దెలో నూటికి ఐదు వంతులు పురపాలక రుసుముగ నెలనెల విద్యుత్తు బిల్లులో చేర్తురు. ఆదాయపు పన్ను లేని దేశమని చెప్పువారు ఈ లెక్క చెప్పరు. మొదటి జీతము రాకమునుపే ఇంత సొమ్ము కావలసియుండుటచే మావారు అప్పు చేసిరి; పోవుటకు ముందే మూడు నెలల ఖర్చు చేతనుంచుకొనిన అది తప్పెడిది. అద్దె ఒడంబడికను ప్రభుత్వమువారి ఎజారీ పద్దులో వ్రాయించుట మఱవకుడు. బిడ్డల వీసాలకు అదియు అడుగుదురు.

ఇక ముఖ్యమైనది, ఎవరును చెప్పనిది. విమానము రాత్రి పగలు ఎగురును. కనుక ఉద్యోగికి రాత్రి పగలని లేదు. మా వారు వారమున మూడు రాత్రులు విమానశాలలో పనిచేసి తెల్లవారుజామున వచ్చి పడుకొనెడివారు. ఆ నిద్ర కేవలము వారి సుఖము గాదు. నిద్రలేని కంటితో బిగించిన మరమేకు మీద ఎందఱి ప్రాణములో ఆధారపడియుండును. కాని రెండు గదుల యింటిలో చిన్న బిడ్డలను మధ్యాహ్నము వఱకు చప్పుడు చేయకుండ నుంచుట యెట్లు? మేము పడుకొను గది కిటికీకి దళమైన నల్లబట్ట కుట్టించితిమి. కుక్కరు కూత పెట్టునని ఆ దినములలో పప్పు ముందురాత్రియే వండితిమి. మిక్సీ సాయంకాలమునకే. పిల్లలను పట్టుకొని ఎనిమిది గంటలకే ఉద్యానమునకు పోయెడివారము; మే మొదలు సెప్టెంబరు వఱకు ఆ యెండలో అదియు కుదురదు గనుక, అంగడి భవనములలో చల్లగాలికి ఊరక తిరిగెడివారము. మొదటి వేసవిని తలచుకొన్న ఇప్పటికిని మా కంట నీరు వచ్చును. పొరుగున మలబారు సోదరి యొకతె యుండెను. ఆమె భర్తయు మావారి వంటి కొలువులోనే. వారు పనికి పోవు వరుసల చీటీ చూచుకొని, మా యిద్దఱి బిడ్డలను ఒకనాడు ఆమె యింట, ఒకనాడు మా యింట నుంచుకొంటిమి. ఆమెకు తెలుగు రాదు, మాకు మలయాళము రాదు. మీరు పోగానే బంగారపు అంగడులు చూచుట తరువాత పెట్టుకొని, అట్టి పొరుగును వెదుకుకొనుడు.

ఉచితపు టిక్కెట్లని సంబరపడుదురు. అవి యుచితమునకు దగ్గఱవే గాని, విమానమున చోటు మిగిలిన యెడల మాత్రమే ఎక్కనిత్తురు. మా చెల్లెలి పెండ్లికి మూడు దినములు ముందుగనే బయలుదేఱి, ఇద్దఱు బిడ్డలతో విమానాశ్రయములో మూడు విమానములు మా కన్నులముందే నిండి పోవుట చూచితిమి. తలంబ్రాల వేళకు చేరలేదు. పెండ్లికిని, పురిటికిని, పెద్దల జబ్బునకును సొమ్మిచ్చి టిక్కెట్టు కొనుడు. తక్కిన ప్రయాణముల కా టిక్కెట్లు చాలును.

2020 మార్చిలో మహమ్మారివలన మనదేశమువారును ఎమిరేట్లవారును విమానముల నాపిరి. ఆకాశము నిశ్శబ్దమాయెను. మొదట సగము జీతము; జూలైలో ఉద్యోగము తీసివేయుచున్నామని కాగితము. అప్పుడు మాకు తెలిసినది, ఆ దేశములో మా యునికి యంతయు ఆ యొక్క కాగితముపై నిలిచినదని. భర్త వీసా పోయినచో భార్య వీసా, బిడ్డల వీసా, అన్నియు పోవును. నాటి నియమము ప్రకారము విడిచిపోవుటకు 30 దినముల గడువు. 2022 సవరణల తరువాత అది వర్గమును బట్టి 60 మొదలు 180 దినముల వఱకు పెరిగినది. ఇంటివానియొద్ద మా రెండు చెక్కులుండెను. ఒడంబడిక ముందే విడిచినందుకు రెండు నెలల అద్దె పట్టుకొని తక్కిన దిచ్చెను. పదేండ్ల కొలువునకు వచ్చిన గ్రాట్యుటీ మొదటి ఐదేండ్లకు ఏటికి 21 దినములు, పై ఐదేండ్లకు ఏటికి 30 దినములు, వెరసి 255 దినముల జీతము. అదియు మూలవేతనము మీదనే, అద్దె, ప్రయాణములు మొదలగు భత్యముల మీద కాదు. ఆ దినములలో ఒక బడిలో ఉపాధ్యాయినిగ మమ్ము తీసికొందుమనిరి. అట్లయిన మావారికి వేఱు పని దొరకువఱకు నిలిచియుండెడివారము. డిగ్రీ పత్రమున ముద్రలు లేవు. ఆ ముద్రలు వచ్చువఱకు ఆ బడి యాగలేదు. మన ప్రభుత్వమువారు ప్రవాసులకై నడపిన విమానములలో నొకదానిలో ఆగస్టున వచ్చివేసితిమి.

మఱొకటి వ్రాయుటకు కలము వెనుకాడుచున్నది గాని వ్రాయక తప్పదు. ఆ దేశమున ఎవరైన మరణించినచో వారి పేరిట నున్న ఖాతాను న్యాయస్థానపు ఉత్తరువు వచ్చువఱకు బ్యాంకువారు నిలిపివేయుదురు. మా వీధిలో నొక సోదరికి అట్లు జరిగినది. భర్త పోయిన దుఃఖములో నుండగా ఆమె చేతిలో పాలకు సొమ్ము లేదు. కావున మీ పేరిట ప్రత్యేకముగ నొక ఖాతా తెఱపించుకొని, మూడు నెలల ఖర్చు దానిలో వేయించుకొనుడు. భర్తతో చెప్పుటకు సిగ్గుపడకుడు. వివేకము గలవాడు నొచ్చుకొనడు. వీలునామాయు వ్రాయించుడు. ముస్లిమేతరుల వీలునామాలను నమోదు చేయుటకు దుబాయి ఆర్థిక కేంద్రమున 2015లో ఒక కార్యస్థాన మేర్పడినది. ఆస్తియే గాక, తలిదండ్రులు లేనిచో బిడ్డల నెవరు పెంచవలెనో అందు వ్రాయవచ్చును. 2023 ఫిబ్రవరి 1 నుండి అమలునకు వచ్చిన చట్టము ప్రకారము, వీలునామా లేని ముస్లిమేతరుని ఆస్తిలో సగము భార్యకు, సగము కొడుకులని కూతుండ్రని భేదము లేక బిడ్డలకు. ఇది మేలే. అయినను బిడ్డల పెంపకము మీ చేతివ్రాతతో నిర్ణయమగుట వేఱు.

ఇచ్చటి బ్యాంకుల సంగతి ఒక్కమాట. విదేశములో నివసింపబోవువారు తమ సాధారణపు ఖాతాలను ప్రవాసి ఖాతాలుగ మార్పించుకొనవలెను. అది మీ పేరిట నున్న ఖాతాకును వర్తించును.

జాబు చివర "వంటింటి సామాను ఏమేమి తీసికొనిపోదును?" అని యడిగితిరి. గ్రైండరు కొనిపొండు, విద్యుత్తు మనకువలెనే యుండును గాని, గోడలోని రంధ్రములు చదరపు ముల్లులకు తగినవి గనుక ప్లగ్గు మార్పింపవలెను. పప్పులు, బియ్యము, కరివేపాకు, గోంగూరతో సహా అన్నియు కరామాలోను మీనాబజారులోను దొరకును, మోయకుడు. మందులు మాత్రము వైద్యుని చీటీతో కొనిపోవలెను. మనయింట దగ్గునకు, నొప్పులకు వాడు మందులలో కొన్నింట, ముఖ్యముగ కోడీను, ట్రామడాలు కలిసినవానిని, ముందుగ అనుమతి లేక అచ్చటికి తేగూడదు. గసగసాలు అసలే తేగూడదు; అవి నల్లమందు మొక్క గింజలు గనుక ఆ దేశమున నిషిద్ధము, పట్టుబడినవారు చెఱసాలకు పోయిన సందర్భము లున్నవి. మా అత్తగారు ప్రేమతో దంచి కట్టిన మసాలాపొడి పొట్లమును హైదరాబాదు విమానాశ్రయముననే, అందులో నేమేమి వేసిరో ఫోనులో అడిగి తెలిసికొని, మేము విడిచిపెట్టితిమి. మీ అత్తగారిని ఇంటివద్దనే అడుగుడు.