శూర్పణఖ తోటలో సీత

తాండవ జలాశయం నీళ్లతో వరి పండించుకునే నాతవరం వైపు ఊళ్లలో అయినా, ఇంకెక్కడైనా... పిల్లలు చదువుకుంటారు. ఉద్యోగమంటూ విశాఖకో హైదరాబాద్‌కో వెళ్లిపోతారు. ఒంటరిగా వాళ్లని పెంచిన తల్లికి ఆ తర్వాత మిగిలేదేంటి?

ఓ తెలుగు కథలో ఈ మాట అడిగింది ఎవరో కాదు, శూర్పణఖ! అడిగింది సీతని.

ఓల్గా రాసిన 'విముక్త' కథల్లో మొదటిది 'సమాగమం'. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న సంపుటి అది. ఇందులో సీత కష్టం మనకు తెలిసిందే. గర్భవతిగా ఉండగానే భర్త అడవికి పంపేశాడు. వాల్మీకి ఆశ్రమంలో కవలల్ని పెంచుకుంటోంది. అడవిలో ఓ అందమైన తోటనీ, దాన్ని పెంచుతున్న కురూపినీ చూశామని ఓ రోజు లవకుశులు వచ్చి చెబుతారు. ముక్కూ చెవులూ లేవనగానే ఆమె ఎవరో సీతకు తెలిసిపోతుంది. వెతుక్కుంటూ వెళ్తుంది.

శూర్పణఖ ఏదీ దాచదు. ముక్కుచెవులు పోయిన కొత్తలో పగతో రగిలిపోయింది. అందమైనదేది కనిపించినా అసహ్యించుకుంది. అలాంటి మనిషి మొక్కలు నాటింది. నీళ్లు పోసింది. అవి ఎదిగేదాకా ఓపిక పట్టింది. ఆ క్రమంలోనే తన చేతులు తనకు అందంగా కనిపించడం మొదలైంది. అదే మన టీవీ సీరియల్లో అయితే, శత్రువు కాళ్లమీద పడేదాకా కన్నీళ్లు ఆగవు! ఇక్కడ ఎవరూ వచ్చి క్షమాపణ చెప్పరు. అయినా గాయం మానుతుంది. కథలోని బలమంతా ఇక్కడే ఉంది.

పాత్రలు అక్కడక్కడా వ్యాసంలా మాట్లాడతాయన్నది నిజమే. కానీ శూర్పణఖ అడిగే ఆ ప్రశ్న దగ్గర మాత్రం ఏ తల్లయినా పుస్తకం పక్కనపెట్టి కాసేపు ఆలోచిస్తుంది. రేపు కొడుకులు అయోధ్యకి వెళ్లిపోతే ఏం చేస్తావు? తల్లి భూదేవి దగ్గరకి వెళ్లిపోతానంటుంది సీత. ఆ తల్లి లేని చోటెక్కడుంది, ఈ తోటకే వచ్చెయ్యమంటుంది శూర్పణఖ.

'సైకత కుంభం' కథలో సీతకి ఎదురయ్యే రేణుకది ఇంకో రకం కోత. తండ్రి మాట విని గొడ్డలెత్తిన కొడుక్కి తల్లి ఆమె. ఆ కథ చదివాక మళ్లీ 'సమాగమం' తిరగేస్తే, లవకుశులు అమ్మ దగ్గరకి పరుగెత్తుకొచ్చే ఘట్టం మొదటిసారి చదివినంత తేలిగ్గా సాగదు.