కాకి వాలింది, తాటిపండు పడింది!

కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది. సరిగ్గా అప్పుడే పండు కిందపడింది. కాకి వాలబట్టే పడిందా? కాదు. దాన్నే పెద్దలు 'కాకతాళీయం' అన్నారు. ఈమధ్య ఈ మాటతో నాకు పనిపడింది.

మా వీధిలోకి కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి బ్యాంకు పరీక్షకి చదువుతోంది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, పుస్తకం పట్టుకుని మా అరుగు మీదికొస్తుంది. రీజనింగులో కార్యకారణాల ప్రశ్నలంటే ఆమెకి గుబులు. రెండు వాక్యాలిస్తారు. ఏది కారణం, ఏది ఫలితం? లేక రెండింటి వెనకా వేరే కారణం ఉందా? అసలు సంబంధమే లేదా? అది తేల్చాలి.

"మన గోదావరి ప్రశ్న చెప్పు చూద్దాం. ఒకటి: రాజమండ్రి మార్కెట్లోకి పులసలొచ్చాయి. రెండు: పాపికొండల లాంచీలు ఆపేశారు. ఏది కారణం?" అన్నాను.

ఫక్కున నవ్వింది. "పులసలొస్తే లాంచీలెందుకాగుతాయి పిన్నిగారూ! గోదారికి వరదొచ్చిందండీ. అందుకే అవొచ్చాయి, ఇవాగాయి."

చూశారా, ఎంత తేలికో! మొదటి సూత్రం అదే. రెండూ ఒకేసారి జరిగితే, వాటి వెనక మూడోది ఉందేమో చూడాలి.

రెండో సూత్రానికి ఏలూరు సంగతి చెప్పాను. 2020 డిసెంబరులో అక్కడ ఆరు వందల మందికి పైగా ఫిట్సు, కళ్ళు తిరగడం, వాంతులతో ఆసుపత్రుల పాలయ్యారు. అందరూ ముందు కుళాయి నీళ్ళనే అనుమానించారు. కానీ మునిసిపాలిటీ నీళ్ళు అందని చోట్ల కూడా జనం పడిపోయారు. కారణం లేనిచోట ఫలితం కనిపిస్తే, ఆ కారణాన్ని మళ్ళీ పరీక్షించాలి కదా! రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. చివరికి పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని నిపుణులు చెప్పారు. నీళ్ళ దగ్గరే ఆగిపోయి ఉంటే కూరగాయల వైపు ఎవరు చూసేవారు?

మూడో సూత్రం: కారణం ముందు, ఫలితం తరవాత. అది చెబుతుండగానే ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేను అడుగుపెట్టాకే మావయ్యగారి వ్యాపారం దెబ్బతిందంటున్నారండీ."

"అప్పులెప్పుడు చేశారు?"

"రెండేళ్ళ కిందట."

"నీ పెళ్ళి?"

"మొన్న వైశాఖంలో."

"ఇదే ప్రశ్న పరీక్షలో వస్తే ఏం రాస్తావు?"

"సంబంధం లేదని రాస్తానండీ. అక్కడ రాస్తే మార్కొస్తుంది, ఇంట్లో అంటే ఎదురు చెప్పిందంటారు."

నాకు నోట మాట రాలేదు. అందుకే ఆ మాట ఆమె తరఫున ఇక్కడ నేనంటున్నాను. అత్తగార్లూ, వదినగార్లూ! మనమూ ఒకప్పుడు ఎవరి గడపో తొక్కి వచ్చినవాళ్ళమే. గేదె చచ్చినా, పంట మునిగినా, ఉద్యోగం ఊడినా నేరం కొత్తకోడలి పాదం మీదకి తోసెయ్యడం సులువే. కానీ దానివల్ల నష్టం ఆ పిల్లకొక్కదానికే కాదు. అసలు కారణం హాయిగా ఇంట్లోనే కూర్చుంటుంది. అప్పు మీద వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

ఈసారి నోటిదాకా ఆ మాట వస్తే ఒక్క క్షణం ఆగి, "ఇది అంతకుముందు నుంచే ఉందా?" అని అడిగి చూడండి. కూరగాయలు బాగా కడిగి వండడం కూడా మరిచిపోకండేం!